లక్ష్యాలు మెగావాట్లలో, ప్రమాదం సెట్టింగుల్లో

తక్కువ కర్బన విద్యుత్ గురించి ప్రభుత్వాలు ప్రకటించే లక్ష్యాలు దాదాపు అన్నీ మెగావాట్లలోనే ఉంటాయి. ఏ ఏడాదికి ఎంత సౌర విద్యుత్, ఎంత పవన విద్యుత్, ఎన్ని బొగ్గు కేంద్రాలు మూత. కానీ గడ్డు సమయంలో గ్రిడ్ నిలబడుతుందా, కూలుతుందా అన్నది చాలాసార్లు ఒక ఇన్వర్టర్‌లోనో రిలేలోనో పెట్టిన అంకె దగ్గర తేలుతుంది. ఇన్వర్టర్ అంటే సౌర ఫలకాల డీసీ కరెంటును గ్రిడ్‌కు కావలసిన ఏసీగా మార్చేది; రిలే అంటే తేడా కనిపెట్టి ప్లాంటునో లైన్‌నో విడదీయించేది. ఆ అంకె ఎవరు నిర్ణయించాలి, ఎప్పుడు మార్చాలి, మార్చే ఖర్చు ఎవరు భరించాలి? విద్యుత్ విధానంలో ఇంతగా నిర్లక్ష్యానికి గురైన ప్రశ్న మరొకటి లేదని నా గట్టి అభిప్రాయం.

జర్మనీ సంగతి చూడండి. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ, అంటే ఏసీ కరెంటు సెకనుకు ఎన్ని ఆవృత్తులు తిరుగుతుందన్న లెక్క, 50 హెర్ట్జ్ దగ్గర ఉండాలి; ఉత్పత్తి ఎక్కువైతే పెరుగుతుంది, తక్కువైతే పడుతుంది. అక్కడ సౌర ఇన్వర్టర్లకు తొలినాళ్లలో పెట్టిన నియమం ఒకటుంది: ఫ్రీక్వెన్సీ 50.2 హెర్ట్జ్ దాటగానే గ్రిడ్ నుంచి విడిపోవాలి. సౌర విద్యుత్ నామమాత్రంగా ఉన్న రోజుల్లో అది సరైన నియమమే. గ్రిడ్‌లో తేడా వస్తే చిన్న ప్లాంటు పక్కకు తప్పుకోవడం అందరికీ క్షేమం. సామర్థ్యం వేల మెగావాట్లకు పెరిగాక అదే నియమం మెడకు చుట్టుకుంది. మిట్టమధ్యాహ్నం ఫ్రీక్వెన్సీ 50.2 తాకితే ఆ వేల మెగావాట్లూ ఒకేసారి పోతాయి. ఉత్పత్తి కాస్త ఎక్కువై మొదలైన ఇబ్బంది క్షణాల్లో భారీ లోటవుతుంది. చివరికి 2012లో ప్రత్యేక ఆదేశం తెచ్చి 3 లక్షలకు పైగా పాత ప్లాంట్ల సెట్టింగులు మార్చే పని పెట్టుకున్నారు. కొత్తవాటికి నియమం వేరు: 50.2 దాటాక విడిపోకూడదు, హెర్ట్జ్‌కు 40 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గిస్తూ పోవాలి. ఫ్యాక్టరీలోనే పెడితే దాదాపు ఖర్చు లేని మార్పు ఇది. బిగించాక మార్చాలంటే ప్లాంటు ప్లాంటుకూ మనిషి వెళ్లాలి.

బ్రిటన్‌లో 2019 ఆగస్టు 9న జరిగింది కూడా ఈ కోవలోనిదే. లండన్‌కు ఉత్తరాన ఒక ట్రాన్స్‌మిషన్ లైన్ మీద పిడుగు పడింది. రక్షణ వ్యవస్థ తన పని తాను చేసింది. కానీ దాని వెంటే హార్న్‌సీ సముద్ర పవన కేంద్రం, లిటిల్ బార్‌ఫర్డ్ గ్యాస్ కేంద్రం ఉత్పత్తి కోల్పోయాయి. వీటికి తోడు డిస్ట్రిబ్యూషన్ లైన్లకు కట్టిన చిన్న చిన్న ప్లాంట్లు వందల మెగావాట్ల మేర ట్రిప్ అయ్యాయి. వాటిలో చాలావాటి రిలేలు ఫ్రీక్వెన్సీ సెకనుకు 0.125 హెర్ట్జ్ కన్నా వేగంగా మారితే తెంపుకొనేలా ఉన్నాయి. ఫ్రీక్వెన్సీ 48.8కి పడింది, దాదాపు 10 లక్షల మంది వినియోగదారులకు కరెంటు పోయింది. ఒక రకం రైళ్లయితే 49 హెర్ట్జ్ కిందికి వెళ్లగానే సాఫ్ట్‌వేర్ లాకై ఆగిపోయాయి. కొన్నిటిని డ్రైవర్లే మళ్లీ కదిలించగలిగారు, మిగతావాటి దగ్గరికి టెక్నీషియన్ ల్యాప్‌టాప్ పట్టుకుని రావాల్సి వచ్చింది. అక్కడి రిలేలను సెకనుకు 1 హెర్ట్జ్ కన్నా వేగంగా, అదీ అర సెకను పాటు మారితేనే తెంపుకొనే సెట్టింగుకు మార్పించారు.

సెకనుకు 0.125 అన్నది ఎందుకు పనికిరాకుండా పోయిందో లెక్కలో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఫ్రీక్వెన్సీ పడే వేగం కావాలంటే, పోయిన మెగావాట్లను 50తో గుణించి, తిరుగుతున్న యంత్రాల్లో దాగిన మొత్తం గతిశక్తికి రెట్టింపుతో భాగించాలి. తిరిగే యంత్రాల శక్తి 2,00,000 మెగావాట్-సెకన్లు ఉండి 1,000 మెగావాట్లు పోతే సెకనుకు సరిగ్గా 0.125 హెర్ట్జ్ పడుతుంది. బొగ్గు, గ్యాస్ టర్బైన్లు ఆగి ఆ శక్తి 40,000కు తగ్గిందనుకోండి, అదే నష్టానికి 0.625 పడుతుంది. ఏ సాయమూ అందకపోతే 50 నుంచి 49కి రావడానికి మొదటి సందర్భంలో 8 సెకన్లు, రెండో దాంట్లో 1.6 సెకన్లు. టర్బైన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ స్పందించి, ఆవిరి వాల్వు తెరుచుకుని, ఉత్పత్తి తగినంత పెరగడానికి కొన్ని సెకన్లు కావాలి. కాబట్టి 1.6 సెకన్ల లోపు ఆదుకోవలసింది బ్యాటరీల్లాంటివే.

దక్షిణ ఆస్ట్రేలియా ఉదంతం ఇంకా లోతైనది. 2016 సెప్టెంబర్ 28న తుపాను గాలికి టవర్లు కూలి, వోల్టేజీ వెంటవెంటనే పలుమార్లు పడింది. కొన్ని పవన కేంద్రాల టర్బైన్లకు ఇలాంటి కుదుపులు ఇన్ని మాత్రమే తట్టుకోవాలన్న పరిమితి ముందే పెట్టి ఉంది. అది దాటగానే 7 సెకన్ల లోపు 456 మెగావాట్లు తగ్గించేశాయి. ఆ లోటంతా పొరుగు రాష్ట్రంతో కలిపే లైన్ మీద పడి అదీ తెగింది, రాష్ట్రమంతా చీకటి. అలాంటి సెట్టింగు ఉందని గ్రిడ్ ఆపరేటర్‌కు అప్పటిదాకా తెలియదు. ఆపరేటర్‌కు ఇచ్చిన సిమ్యులేషన్ మోడల్‌కూ (కేంద్రం ప్రవర్తనకు కంప్యూటర్ నమూనా), సైట్‌లో నడిచే కంట్రోలర్‌కూ పొంతన లేకపోతే ఎంత జాగ్రత్తగా అధ్యయనం చేసినా వృథాయే.

2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ కుప్పకూలినప్పుడు చాలామంది సౌర విద్యుత్‌నే తప్పుపట్టారు. అసలు జరిగింది వోల్టేజీ అదుపు తప్పి పెరిగిపోవడం. దీనికి ఒకటికి మించి కారణాలున్నాయి, నాకు ముఖ్యంగా కనిపించేది నిబంధన. లోడ్ తక్కువున్న పొడవాటి లైన్లు రియాక్టివ్ పవర్ (పనికి ఖర్చు కాకుండా లైన్లలో అటూ ఇటూ ఊగుతూ వోల్టేజీని మార్చే శక్తి) పుట్టించి వోల్టేజీని పైకి నెడతాయి, దాన్ని ఎవరో ఒకరు పీల్చుకోవాలి. ఆధునిక ఇన్వర్టర్లకు ఆ చేవ ఉంది. కానీ అప్పటి నిబంధన ప్రకారం సౌర, పవన కేంద్రాలు స్థిర పవర్ ఫ్యాక్టర్‌తో నడిచేవి. అంటే వోల్టేజీ ఎలా మారినా అవి పీల్చే రియాక్టివ్ పవర్ దాన్ని బట్టి మారదు. వోల్టేజీని కాచుకునే పని వాటికి అప్పగించలేదు, అందుకు డబ్బూ ఇవ్వలేదు.

డబ్బు మాట ఇక్కడ కీలకం. ఇనర్షియా (తిరిగే బరువు ఫ్రీక్వెన్సీని వేగంగా మారనివ్వని గుణం), రియాక్టివ్ పవర్, ఫాల్ట్ కరెంటు (షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు పారే భారీ కరెంటు), ఇవన్నీ పాత టర్బైన్లు కరెంటుతో పాటు ఊరికే ఇచ్చేవి. బిల్లులో లేనిది పోయినా లెక్కల్లో కనబడదు. ఆ చీకటి తర్వాత దక్షిణ ఆస్ట్రేలియా, ఫ్లైవీల్ (బరువైన చక్రం) బిగించిన 4 సింక్రొనస్ కండెన్సర్లు పెట్టుకుంది; ఇవి టర్బైన్ లేకుండా గ్రిడ్ మీద ఊరికే తిరిగే జనరేటర్ లాంటి యంత్రాలు. మూతపడే కేంద్రంలోని జనరేటర్‌నే అలా మార్చుకోవచ్చు కూడా: టర్బైన్‌ను విడదీసి, జనరేటర్‌ను ఖాళీగా గ్రిడ్ మీద తిప్పడం. జర్మనీలో బిబ్లిస్ అణు కేంద్రం మూసేశాక ఒక జనరేటర్‌ను 2012 నుంచి కొన్నేళ్లు ఇలా వాడారు. టర్బైన్ ఉండదు కాబట్టి దాన్ని వేగానికి తేవడానికి వేరే మోటారో, ఫ్రీక్వెన్సీ కన్వర్టరో కావాలి. కేంద్రాన్ని తుక్కుకు అమ్మకముందే ఈ నిర్ణయం జరగాలి.

గ్రిడ్-ఫార్మింగ్ ఇన్వర్టర్లతో (గ్రిడ్ వోల్టేజీని, ఫ్రీక్వెన్సీని తామే నిలబెట్టేవి) అన్నీ తీరిపోతాయన్న నమ్మకానికి కూడా ఒక హద్దుంది. షార్ట్ సర్క్యూట్ అయితే సింక్రొనస్ యంత్రం (గ్రిడ్ ఫ్రీక్వెన్సీతో కలిసి తిరిగే పెద్ద జనరేటర్) తన రేటింగుకు 5, 6 రెట్లు కరెంటు ఇస్తుంది. ఇన్వర్టర్ ఇచ్చేది మామూలుగా 1.1 నుంచి 1.2 రెట్లు. ఎక్కువ కరెంటు చూసి ఫాల్ట్ అని గుర్తుపట్టే పాత రిలే దాన్ని మామూలు లోడ్ అనుకుని ఊరుకునే ప్రమాదం ఉంది. అందుకే ఒక ప్రాంతంలో పెద్ద యంత్రాలు ఆగేముందు అక్కడి ప్రొటెక్షన్ సెట్టింగులన్నీ మళ్లీ లెక్కగట్టాలి, అవసరమైన చోట రిలేలే మార్చాలి.

మూసివేత ఉత్తర్వుల్లో ఎన్ని మెగావాట్లు పోతున్నాయో రాస్తారు. దాని పక్కనే ఇంకో మూడు అంకెలు తప్పనిసరి చేయాలి: పోతున్న గతిశక్తి ఎన్ని మెగావాట్-సెకన్లు, రియాక్టివ్ సామర్థ్యం ఎన్ని మెగావార్లు (రియాక్టివ్ పవర్ కొలత), ఆ సబ్‌స్టేషన్ బస్ (లైన్లన్నీ కలిసే కడ్డీ) దగ్గర ఫాల్ట్ లెవెల్, అంటే షార్ట్ సర్క్యూట్‌లో అక్కడికి అందగల కరెంటు, ఎంత పడిపోతుంది. ఒక్కోదానికి బదులు ఏ యంత్రం వస్తోంది, అది పరీక్షలు ముగించుకుని పనిలోకి దిగే తేదీ ఏది అన్నదీ ఆ ఉత్తర్వులోనే ఉండాలి. ఆ తేదీ మూసివేత కన్నా ముందుండాలి.