డాబా మీద సోలార్ ఉన్నా కరెంట్ పోతే ఇల్లు చీకటే

సోలార్ పెట్టించుకునే ముందు చాలామందికి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. వీధిలో కరెంట్ పోతే, నడినెత్తిన ఎండ మండిపోతున్నా సరే, డాబా మీది ప్యానెళ్ల వల్ల ఇంట్లో ఒక్క ఫ్యాన్ కూడా తిరగదు. విజయవాడ పటమటలో మా వీధిలో ఈ మధ్య కొన్ని ఇళ్లవాళ్లు పెట్టించారు. వేసవిలో కరెంట్ పోవడం మొదలవగానే ఒకరి తర్వాత ఒకరు బిగించినవాళ్లకి ఫోన్ చేసి, మీ సిస్టమ్ అప్పుడే పాడైపోయింది అని గొడవ పెట్టుకున్నారు. అది పాడవలేదు. దాని పద్ధతే అంత.

ఇంటికి వచ్చే, బయటికి పోయే కరెంట్ రెండూ లెక్కేసే నెట్ మీటర్‌తో గ్రిడ్‌కి, అంటే వీధి లైన్‌కి కలిపిన సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంట్‌ని ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె) బయట లైన్‌లో కరెంట్ ఉందా లేదా అని ఎప్పుడూ చూసుకుంటూ ఉంటుంది, లేదని తెలిసిన క్షణంలో ఆగిపోతుంది. ఆగకపోతే మన డాబా మీది కరెంట్ వెనక్కి లైన్‌లోకి వెళ్తుంది, సప్లై లేదనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. యాంటీ ఐలాండింగ్ అంటారు దీన్ని. ఈ నిబంధన ఉండి తీరాలి, నా బాధ దాని గురించి కాదు. పగటి కరెంట్‌ని దాచే బ్యాటరీ, గ్రిడ్ పోగానే ఇంటిని లైన్ నుంచి విడదీసి నడిపే హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉంటే ఇల్లు వెలుగుతూనే ఉంటుంది. కానీ ప్రభుత్వ సాయం అంతదాకా రావడం లేదు.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కి 30,000, మూడో కిలోవాట్‌కి 18,000, మొత్తం 78,000 రూపాయలు సబ్సిడీ. మంచి పథకమే, బిల్లు నిజంగా తగ్గుతోంది. మూడు కిలోవాట్లు మన ఎండకి రోజుకి సుమారు పన్నెండు యూనిట్లు ఇస్తాయి. అయితే ఆ లెక్కంతా ప్యానెళ్ల కెపాసిటీ మీదే, బ్యాటరీ పెడితే అదనంగా రూపాయి రాదు. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ మార్చినప్పుడు కూడా సోలార్ సామాన్ల మీద 12 నుంచి 5 శాతానికి దించారు, బ్యాటరీల మీద మాత్రం 18 శాతం ఉంది. బిల్లు తగ్గించుకోవాలనుకునేవాడికి చేయూత ఉంది, కరెంట్ పోతే ఊపిరి ఆడనివాడికి లేదు.

ఊపిరి అన్నది మాటవరసకి కాదు. పాయకాపురంలో ఉండే మా బాబాయికి ఊపిరితిత్తుల జబ్బు, గాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే మెషీన్, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ మీద ఉంటారు. నిమిషానికి ఐదు లీటర్లు ఇచ్చే మెషీన్‌కి సుమారు 350 వాట్లు కావాలి. ఇళ్లలో మామూలుగా ఉండే 12 వోల్టుల, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్లు ఉంటాయి. ఇన్వర్టర్‌లో పోయేది, బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు కాబట్టి మిగల్చాల్సింది తీసేస్తే, బ్యాటరీ కొత్తదై వేరే ఏ లైటూ వేయకుండా ఉంటే మూడు గంటలు, ఇంకొంచెం. ఇక బెజవాడ ఎండల సంగతి తెలిసిందే. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీల దగ్గర లెక్క కడతారు, పది డిగ్రీలు పెరిగితే దాదాపు సగానికి పడిపోతుంది. మెట్ల కింద గాలాడని చోట పెట్టి, డిస్టిల్డ్ వాటర్ సంగతి మర్చిపోయిన బ్యాటరీ రెండేళ్లకే నీరసపడిపోతే అందులో వింతేముంది?

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు ఊరిని ముంచెత్తినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం వైపు నీళ్లలో కరెంట్ పారితే మనుషులు పోతారని సప్లై ఆపేశారు. ఆపక తప్పదు కూడా. బాబాయి వాళ్ల అపార్ట్‌మెంట్‌కి మంచి జనరేటర్ ఉంది, కానీ అది సెల్లార్‌లో ఉంది. అందరికంటే ముందు మునిగింది అదే. ఇంట్లో ఇన్వర్టర్ కూత మొదలుపెట్టాక పిన్ని ఫోన్ చేసి "నాన్నా, ఇది ఆగిపోయేలా ఉంది, సిలిండర్ ఒక్కటే ఉంది, ఏం చెయ్యను" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అక్కడికి వెళ్లే దారే లేదు. రాత్రంతా ఫ్లో తగ్గించి సిలిండర్‌తో నెట్టుకొచ్చారు. తెల్లారాక పడవ వచ్చింది, ఆస్పత్రికి చేరారు. నీళ్లు డాబా ఎత్తుకి రాలేదు, అక్కడ ప్యానెళ్లు ఉండుంటే అవి మునిగేవి కావు. బ్యాటరీ, హైబ్రిడ్ ఇన్వర్టర్ కూడా పైనే, పెంట్‌హౌస్ గదిలో పెట్టి ఉంటే, పొద్దున్నుంచి ఆ ఒక్క మెషీన్‌ని నడపడానికి మబ్బు పట్టిన వెలుతురైనా కొంతమేరకు పనికొచ్చేది.

అపార్ట్‌మెంట్ కామన్ అవసరాల సోలార్‌కి కిలోవాట్‌కి 18,000 సబ్సిడీ ఉంది. లిఫ్ట్, నీళ్ల మోటారు దీని కిందికే వస్తాయి. ఇక్కడ కూడా బ్యాటరీ ఊసు లేదు, జనరేటర్ ఎక్కడ పెట్టాలన్న ఊసు అసలే లేదు. జనరేటర్ ఉందన్న ధీమా కూడా అంత మంచిది కాదు. అది స్టార్ట్ కాకపోవడానికి ఎక్కువగా కారణం డీజిల్ కాదు, దాన్ని స్టార్ట్ చేసే చిన్న బ్యాటరీ చచ్చిపోయి ఉండటం. వారానికోసారి వాచ్‌మన్ ఐదు నిమిషాలు ఊరికే తిప్పితే చాలదు, లిఫ్ట్, మోటారు లోడ్ పెట్టి తిప్పాలి.

రాష్ట్రం పెద్ద లెక్కలు చెబుతోంది. 2024 అక్టోబర్‌లో వచ్చిన క్లీన్ ఎనర్జీ పాలసీలో లక్ష్యం 160 గిగావాట్లు. సంతోషమే. కానీ సోలార్ సాయంత్రం ఆరింటికి దిగిపోతుంది, మన ఊళ్లో ఏసీలు అప్పుడే ఆన్ అవుతాయి. అప్పుడు ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంట్ లాంటివే భారం మోయాలి. 2022 ఏప్రిల్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టాల్సి వచ్చింది ఈ రాష్ట్రంలోనే. నిల్వ లేకుండా మెగావాట్లు పెంచుకుంటూ పోతే సాయంత్రానికి ఒరిగేది తక్కువ. కేంద్రానికి కూడా ఇది తెలుసు. 2025 ఫిబ్రవరిలో, కొత్త సోలార్ టెండర్లలో కెపాసిటీలో కనీసం పది శాతానికి రెండు గంటల నిల్వ ఉండాలని సూచించారు. పెద్ద ప్లాంట్లకి అవసరమైంది మన డాబాలకి ఎందుకు అక్కర్లేదు?

ఇవన్నీ కట్టేవాళ్లు ముందుకు రావాలంటే ప్రభుత్వం మాట మీద నిలబడుతుందన్న నమ్మకం కూడా ఉండాలి. 2019లో గాలి, సోలార్ కంపెనీలతో కుదిరిన పాత ఒప్పందాల రేట్లను రాష్ట్ర ప్రభుత్వం తిరగదోడింది. రేట్లు ఎక్కువన్నది వాదన. కేసు హైకోర్టుకి వెళ్లింది, 2022 మార్చిలో ఒప్పందంలో ఉన్న రేటే కట్టాలని తీర్పు వచ్చింది. ఇలాంటి కరెంట్‌కి ఒప్పందం పాతికేళ్లకి రాసుకుంటారు. మధ్యలో మారుస్తారన్న భయం ఉంటే వచ్చేవాడు ఆ భయానికి కూడా రేటు కలుపుతాడు, కట్టేది మనమే.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. సబ్సిడీలో కొంత భాగం బ్యాటరీకి ఇవ్వండి. ఇంట్లో ఆక్సిజన్ మెషీన్ ఉన్నవాళ్లకి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకి, బుడమేరు పక్కన బతికేవాళ్లకి ముందు ఇవ్వండి. సెల్లార్‌లో జనరేటర్‌కి ఇక్కడైనా అనుమతి ఆపండి. ఈలోగా మీరు సోలార్ పెట్టించుకుంటుంటే, ఎన్నేళ్లకి డబ్బు తిరిగొస్తుందన్న లెక్కతో పాటు, వీధిలో కరెంట్ పోయినప్పుడు మా ఇంట్లో ఏమేం నడుస్తాయి, ఎన్ని గంటలు నడుస్తాయి అని అడిగి, ఆ జవాబు కొటేషన్‌లోనే రాసివ్వమనండి. రాసివ్వకపోతే అడ్వాన్స్ ఇవ్వొద్దు.