నర్వా: తీగలు తెంచుకున్న ఊరు

విద్యుత్ శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేసినవాణ్ణి. కొత్త ఊరికి వెళితే గుడి గోపురం కన్నా ముందు కరెంటు స్తంభాలు నా కంటపడతాయి. 2025 జూన్‌లో ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు, నర్వా చూడాలని అడిగాను. "అక్కడేముంది నాన్నా? ఒక వంతెన, అవతల రష్యా. అంతే" అన్నాడు. నాకు కావలసింది ఆ "అంతే"నే.

బస్సులో తూర్పుకు 210 కిలోమీటర్లు, మూడు గంటలు. కోహ్ట్లా-యార్వె దగ్గర కొండలనుకున్నవి కొండలు కావట. ఇక్కడ నేలలో దొరికే ఆయిల్ షేల్ అనే మండే రాయిని వాడగా మిగిలిన బూడిద గుట్టలు. నర్వా పక్కన ఉన్న పెద్ద విద్యుత్ కేంద్రాలు నడిచేది ఆ రాయితోనే.

సోవియట్ యూనియన్ 1991లో కూలినా, ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా అనే మూడు బాల్టిక్ దేశాల కరెంటు మాత్రం రష్యా గ్రిడ్‌లోనే ఉండిపోయింది. ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు కొట్టుకునే లయ, దాని అదుపు మాస్కో చేతిలో. విడిపోవాలన్న ఆలోచన పాతదే. ఉక్రెయిన్ మీద దాడి తర్వాత దానికి తొందర వచ్చింది. 2025 ఫిబ్రవరి 8 ఉదయం మూడు దేశాలూ రష్యా లైన్లను తెంచుకుని, ఒక రోజంతా తమ కరెంటు మీదే నిలబడి, 9న పోలండ్ మీదుగా యూరప్ గ్రిడ్‌లో కలిశాయి. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో మన దక్షిణ గ్రిడ్‌ను దేశ గ్రిడ్‌తో సింక్రనైజ్ చేసిన, అంటే ఒకే లయలో కలిపిన, రాత్రి మేం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. కలపడానికే అంత భయపడ్డవాళ్లం. తెంచుకుని, మళ్లీ ఇంకొకరితో కలవడమంటే! ఆ పని చేసిన ఇంజనీర్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

దానికి ముందు, 2024 క్రిస్మస్ రోజున, ఫిన్లాండ్ నుంచి వచ్చే 650 మెగావాట్ల ఎస్ట్‌లింక్-2 కేబుల్ సముద్రంలో దెబ్బతింది. అది బాగై తిరిగి పనిలోకి వచ్చింది నేను అక్కడ ఉన్న జూన్‌లోనే. 2025 జనవరి నుంచి నాటో నౌకలు ఆ సముద్రంలో గస్తీ తిరుగుతున్నాయి. కరెంటు తీగలకు యుద్ధనౌకలు కాపలా కాయడం నా సర్వీసులో ఎన్నడూ వినలేదు.

నర్వాలో నదికి ఇటు హెర్మన్ కోట, అటు ఇవాన్‌గొరోద్ కోట. కోపంగా అరిస్తే అవతలివాళ్లకు వినబడేంత దగ్గర. మే 9న రష్యావాళ్లు తమ రెండో ప్రపంచ యుద్ధపు విజయ దినోత్సవ సంబరాన్ని ఇటువైపు కనిపించేలా పెద్ద తెర మీద వేస్తారు. నర్వా మ్యూజియం వాళ్లు పుతిన్‌ను యుద్ధ నేరస్థుడంటూ కోట గోడకు బ్యానరు కడతారు. ఊళ్లో నూటికి తొంభై మందికి పైగా మాట్లాడేది రష్యన్. ఇటు బ్యానరు చూసి అటు పాట వినే ఆ జనం మనసులో ఏముంటుందో!

వంతెన మధ్యలో కాంక్రీటు అడ్డాలు. మరమ్మతుల పేరుతో 2024 ఫిబ్రవరి నుంచి రష్యా తన వైపు వాహనాలను ఆపేసింది. ఎస్టోనియా ఆ మే నుంచి రాత్రి పదకొండుకు ద్వారం మూస్తోంది. రష్యా మీద ఉన్న ఆంక్షలు తప్పించుకుని సరుకులేవీ దాటిపోకుండా ప్రతి సంచీ వెతుకుతారు. వాహనాలు లేవు కాబట్టి అందరూ సామాను ఈడ్చుకుంటూ నడిచే దాటాలి. చెక్‌పోస్టు ముందు వరుస మలుపు తిరిగి పక్క వీధిలోకి పోయింది.

ఆ వరుసలో డెబ్బై ఏళ్ల ఆవిడ మడత స్టూలు వేసుకుని కూర్చుంది. ఫోనులో అనువాదం పెట్టుకుని మాట్లాడాం. అక్క అవతలి ఒడ్డున ఉంటుంది. పూర్వం మధ్యాహ్నం టీకి వెళ్లి వచ్చేదట. ఇప్పుడు పొద్దున్నే వచ్చి కూర్చోవాలి. ఆవిడది బూడిద రంగు పాస్‌పోర్టు, అంటే ఏ దేశ పౌరసత్వమూ లేనట్టు. 2025 మార్చిలో ఎస్టోనియా చేసిన రాజ్యాంగ సవరణతో రష్యా, బెలారుస్ పౌరులకు స్థానిక ఓటు పోయింది. ఆవిడలాంటివాళ్లకు ఆ ఏడాది అక్టోబరు ఎన్నికలే ఆఖరు. "వేస్తాను, ఎందుకు మానాలి?" అంది.

ఎస్టోనియాది తప్పని నేను అనలేను. 1704లో రష్యా పీటర్ చక్రవర్తి నర్వాను పట్టడం ఆక్రమణ కాదని, తమది తాము తిరిగి తీసుకోవడమని 2022 జూన్‌లో పుతిన్ అన్నాడు. పక్కింటివాడు గోడ మీద చెయ్యేసి "ఇది మా తాతది" అంటుంటే తలుపు తీసి పడుకోమని ఎవరు చెబుతారు? ఇంటి ఖర్చులు చెబుతూ మా అబ్బాయి గొణిగిన గొణుగుడూ అందులోదే: 2025 జూలై 1 నుంచి అమ్మకం పన్ను 22 నుంచి 24 శాతం, 2026లో రక్షణ ఖర్చు జీడీపీలో 5 శాతానికి పైన. అయినా "కట్టనంటే ఎలా నాన్నా" అంటాడు. వాడికి పన్ను పెరిగింది, ఈవిడకు అక్క దూరమైంది. ఈ రెండూ ఒక లెక్క కాదు.

తిరుగు బస్సుకు బయలుదేరేసరికి ఆవిడ ముందు ఇంకా ఇరవై మంది దాకా ఉన్నారు. వరుస కదిలింది. సంచీ నేను అందుకోబోతే వద్దని తల ఊపి, స్టూలు మడిచి, నాలుగడుగులు వేసి, మళ్లీ పరుచుకుని కూర్చుంది.