గ్లూకోమీటర్ దారిలో మందుల పరీక్షలు ఎందుకు నడవలేకపోతున్నాయి

వేలికొన నుంచి ఒక చిన్న రక్తపు చుక్క, ఐదారు సెకన్ల నిరీక్షణ, తెర మీద ఒక అంకె. షుగర్ ఉన్న ఇళ్ళన్నింటికీ అలవాటైన ఈ పరీక్షను చూసినవారు, గుండె మందో మూర్ఛ మందో రక్తంలో ఎంత ఉందో కూడా ఇంత సులువుగా ఎందుకు తెలుసుకోలేమని నన్ను అడుగుతుంటారు. బయోసెన్సర్ల (రక్తం వంటి ద్రవాల్లో ఒక పదార్థం ఎంత ఉందో కొలిచే పరికరాల) మీద పనిచేస్తున్న నాకు తోచే జవాబు ఒక్కటే: గ్లూకోజ్ విషయంలో కష్టమైన పనిని ప్రకృతి ముందే చేసిపెట్టింది, మందుల విషయంలో ఆ పని మనమే చేసుకోవాలి.

ప్రకృతి చేసిపెట్టిన ఆ పని పేరు గ్లూకోజ్ ఆక్సిడేజ్. ఆస్పెర్జిల్లస్ నైగర్ అనే నల్లబూజు నుంచి చవకగా తీయగలిగే ఈ ఎంజైమ్, రక్తంలోని వందలాది పదార్థాల మధ్య గ్లూకోజ్‌ను ఏరి పట్టుకుంటుంది, పైగా స్ట్రిప్ మీద ఎండిన స్థితిలో నెలల తరబడి చెడకుండా ఉంటుంది. అమెరికాలో లీలాండ్ క్లార్క్, ఛాంప్ లయన్స్ 1962లో దీన్ని ఆక్సిజన్ ఎలక్ట్రోడ్ మీద పలుచని పొరల మధ్య నిలిపి, గ్లూకోజ్ ఎంత ఉంటే ఆక్సిజన్ అంత తగ్గుతుందన్న సూత్రంతో కొలిచే మార్గం చూపారు. అయితే రక్తంలో ఆక్సిజన్ స్థాయి మారినప్పుడల్లా ఆ కొలత కూడా మారిపోయేది. ఎంజైమ్ నుంచి ఎలక్ట్రాన్లను నేరుగా ఎలక్ట్రోడ్‌కు చేరవేసే ఫెర్రోసీన్ అనే ఇనుప సమ్మేళనాన్ని వాడి 1984లో బ్రిటన్ పరిశోధకులు ఆ చిక్కును విప్పారు. 1987 నాటికి కలం పరిమాణంలో మీటర్ బజారుకు వచ్చింది.

ఇక మందుల సంగతి. రక్తంలో గ్లూకోజ్ మిల్లీలీటరుకు దాదాపు ఒక మిల్లీగ్రాము ఉంటుంది. గుండె జబ్బులకు వాడే డిగాక్సిన్ ఉండవలసినది మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము అటూ ఇటూగా, అంటే బరువులో పది లక్షల వంతు. పైగా దాన్ని మాత్రమే ఏరి పట్టుకుని విద్యుత్ సంకేతంగా మార్చే ఎంజైమ్ మన చేతిలో లేదు. మానసిక వైద్యంలో వాడే లిథియం కథ దీనికి పూర్తిగా భిన్నం. అది లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీమోల్ దాకా, అంటే కొలవడానికి సరిపడినంత ఉంటుంది, కానీ దాని పక్కనే, అదే విద్యుదావేశంతో, 140 మిల్లీమోల్ సోడియం ఉంటుంది. ఆ గుంపులో లిథియాన్ని గుర్తుపట్టే పొరను తయారు చేయడమే అక్కడ అసలు పరిశోధన.

ఎంజైమ్ లేనిచోట ఇప్పుడు ఎక్కువ ఆశలు ఆప్టామర్ల మీద ఉన్నాయి. 1990లో వెలుగులోకి వచ్చిన పద్ధతితో ఎంపిక చేసే ఈ పొట్టి డీఎన్ఏ పోగులు తమ లక్ష్యమైన మందు తగలగానే మడత మారుస్తాయి; పోగు కొసన కట్టిన మెథిలీన్ బ్లూ అనే నీలిరంగు అణువు ఎలక్ట్రోడ్‌కు దగ్గరవడమో దూరమవడమో జరిగి విద్యుత్ ప్రవాహం మారుతుంది. మందు విడిపోతే పోగు మళ్ళీ యథాస్థితికి వస్తుంది కాబట్టి కొలతను ఆపకుండా కొనసాగించవచ్చు. బతికున్న ఎలుకల రక్తంలో కొన్ని మందులను ఇలా కొలిచి చూపించారు. గంటలు గడిచేకొద్దీ రక్తంలో సంకేతం బలహీనపడటమే ఇంకా వదలని పీడ.

మాదకద్రవ్యాల కోసం వాడే మూత్రపు స్ట్రిప్పుల దారి వేరు. అవి ఎంత ఉందో చెప్పవు, ఒక హద్దు దాటిందా లేదా అన్నంతవరకే చెబుతాయి. వాటిలో గీత కనబడితే మందు లేనట్టు, కనబడకపోతే ఉన్నట్టు. గర్భపరీక్షకు అలవాటుపడిన కంటికి ఇది తలకిందులుగా తోస్తుంది. హద్దు ఎక్కడ పెట్టాలన్నదీ చిన్న విషయం కాదు. గసగసాల మొక్క నుంచే వచ్చే మత్తుమందు మార్ఫిన్, గసగసాలు తిన్నవారి మూత్రంలో కూడా కనబడుతుంది. అమెరికా ప్రభుత్వ ఉద్యోగ పరీక్షల్లో మిల్లీలీటరుకు 300 నానోగ్రాములుగా ఉన్న హద్దును 1998లో 2,000కు పెంచడానికి ఇదొక కారణం.

నా దృష్టిలో అన్నిటికన్నా తక్కువ చర్చకు వచ్చేది సెన్సర్ కాదు, దాని మీద పడే రక్తం. ఎర్రకణాలు తక్కువగా ఉంటే చాలా మీటర్లు షుగర్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి ఇది అరుదైన సందర్భం కాదు. అందుకే ఎవరైనా కొత్త పరికరం ఫలితాలు చూపించినప్పుడు, ఎర్రకణాలు తక్కువున్న రక్తంతో పరీక్షించారా అనే నేను మొదట అడుగుతాను. కొత్తరకం మీటర్లలో కొన్ని ఎర్రకణాల పాలును విడిగా కొలిచి అంకెను సరిచేస్తాయి. తమ మీటర్ ఎంతవరకు నమ్మదగినదో తెలుసుకోవాలంటే, స్ట్రిప్పుల డబ్బాతో వచ్చే కాగితంలో హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల పాలు) పరిధి అని రాసిన చోట చూడవచ్చు.