అత్తయ్య పూనా చదువు

దీపం ఆర్పి పడుకున్నదాన్ని మళ్ళీ లేచి కూర్చున్నాను. అత్తయ్య శతజయంతి పుస్తకం ప్రూఫులో రెండో పుట మీద ఒక వాక్యం ఉంది, అది నిద్ర పట్టనివ్వడం లేదు. 'పూనా విశ్వవిద్యాలయంలో విద్యనభ్యసించిన విదుషీమణి' అట. ఎవరు రాశారో మీకు చెప్పాలా? డల్లాస్ మరిదే.

అత్తయ్య పూనా మొహం చూడలేదు. పడమటి దిక్కున ఆవిడ ప్రయాణం వికారాబాదుతో సరి. పూనా విశ్వవిద్యాలయం పుట్టిందే 1949లో. అప్పటికి మా బావగారు ఇంట్లో పాకుతున్నారు. ఈ మాటే ఫోనులో చెబితే, "వదినా, పూనా అంటే ఒక నిండుదనం ఉంటుంది, ఉండనివ్వు" అన్నాడు. నిండుదనమట! పెళ్ళి పందిరికి కాగితప్పూలు కట్టినట్టు అమ్మ జీవితానికి ఊళ్ళు కడతాడా?

ఆవిడ చదివింది ఇక్కడే, హైదరాబాదులో. మాడపాటి హనుమంతరావు గారు 1928లో పెట్టిన ఆంధ్ర బాలికల పాఠశాలలో. ఇప్పుడు నారాయణగూడలో ఆయన పేరుతో ఉన్న బడి అదే. పొద్దున నాయనమ్మ వెంట నడిచి వెళ్ళడం, సాయంత్రం అదే నాయనమ్మ వెంట తిరిగి రావడం. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది, హైస్కూళ్ళూ ఆ దారిలోనే నడిచాయి. అలాంటి ఊళ్ళో ఆడపిల్లలకు తెలుగులో లెక్కలు, చరిత్ర చెప్పే బడి పెట్టడమంటే మాటలా? పెట్టారు సరే, గుర్తింపు ఎవరిస్తారు? ఇక్కడ దొరకలేదు. మహారాష్ట్ర సంఘసంస్కర్త ధోండో కేశవ కర్వే గారు పూనాలో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం ఇచ్చింది. పిల్లలు ఆ పరీక్షకు కూర్చున్నారు. ఇంట్లో అందరూ దాన్ని 'పూనా పరీక్ష' అనేవారు. మరిది పుణ్యమా అని పరీక్ష కాస్తా ప్రయాణమైపోయింది.

ఆ పరీక్ష సంగతి అత్తయ్య చెబుతుంటే వినాలి. వాళ్ళ నాన్నగారు నిజాం సర్కారు కచేరీలో గుమాస్తా. తమ్ముడు ఉర్దూ బడి. రాత్రిపూట ఒకే లాంతరు కింద అక్క ఒకవైపు, తమ్ముడు ఒకవైపు. అతను గీసేదీ త్రిభుజమే, ఈవిడ గీసేదీ త్రిభుజమే, కానీ ఒకరి పలకలోంచి ఒకరు చూసి రాయడానికి లేదు. అతను ముసల్లస్, జావియా అని వల్లె వేస్తుంటే ఈవిడ భుజాలు, కోణాలు అని పోటీగా గొంతు పెంచేవారట. నాన్నగారికి ఉర్దూ, ఫారసీ కొట్టిన పిండి, అందుకని తమ్ముడి లెక్క తప్పితే చెవి మెలిపడేది. కూతురి లెక్క దిద్దుదామంటే ఆ తెలుగు పారిభాషిక పదాలు ఆయనకు ఒక్కటీ తెలియవు. పలక అందుకుని, గంభీరంగా అటూ ఇటూ తిప్పి, "బాగానే ఉంది" అని ఇచ్చేసేవారు. "తప్పులన్నీ అలాగే బతికిపోయాయి" అని అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. కూరగాయలు తరుగుతూ చెప్పేవారు ఇదంతా. ప్రతిసారీ తమ్ముడి మెలిపడిన చెవి కొత్త చెవి అయ్యేది, ఒకసారి కుడి, ఒకసారి ఎడమ. ఇది కదా పుస్తకంలో రావలసింది! పంపితే "స్థలం లేదు" అన్నాడు. విదుషీమణికి మాత్రం స్థలం ఉంది.

అక్కడితో ఆగాడా? ఆడపడుచు కూడా చేతులు కలిపింది. ఆ బడిలో చదివిన ప్రసిద్ధుల పక్కన అమ్మ పేరు చేర్చాలట. ఆరుట్ల కమలాదేవి అక్కడ చదివారు. సాయుధ పోరాటంలో పాల్గొని, తరువాత ఆలేరు నుంచి మూడుసార్లు శాసనసభకు వెళ్ళారు. కథలు రాసిన యశోదారెడ్డి గారూ అక్కడి విద్యార్థినే. నిజమే. అయితే మాత్రం 'వీరి సహాధ్యాయిని' అని ఎలా రాస్తారు? ఒకరు అత్తయ్యకంటే ఆరేళ్ళు పెద్ద, ఇంకొకరు మూడేళ్ళు చిన్న. నేనే ఒకప్పుడు అడిగాను, "యశోదారెడ్డి గారు మీకు తెలుసా అత్తయ్యా?" అని. "నాకు ఆవిడ తెలియడం గొప్ప కాదమ్మా, ఆవిడకు నేను తెలియాలి కదా" అన్నారు.

సహాధ్యాయిని కొట్టేశాను. పూనా కూడా కొట్టేద్దామని ఎర్ర గీత పెట్టి, మళ్ళీ చెరిపేశాను. ఎందుకంటే కర్వే గారిని తీసేస్తే ఈ కథ నిలబడదు. 1921 నవంబరులో వివేకవర్ధిని థియేటరులో నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగింది. అందులో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే సభికులు గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచే నిజాం రాష్ట్రంలోని తెలుగువాళ్ళ సంస్థ ఆంధ్ర జనసంఘం పుట్టింది, మాడపాటి వారు దాని మూలస్తంభాల్లో ఒకరు. ఆ సభకు అధ్యక్షుడు ఎవరనుకున్నారు? కర్వే గారే. ఆయన ఎదురుగానే నోరు మూయించిన భాషలో, కొన్నేళ్ళ తరువాత మన ఆడపిల్లలు రాసిన జవాబులకు ఆయన విశ్వవిద్యాలయమే మార్కులు వేసింది. 1916లో దాన్ని పెట్టినప్పుడే మాతృభాషలో బోధన అని నియమం పెట్టుకున్నాడాయన. పూనాకు ఒక వాక్యం బాకీ ఉన్నాం, కాదనను. మరిది రాసిన వాక్యం మాత్రం కాదు. ఇంకో తమాషా, ఆ విశ్వవిద్యాలయం 1936లోనే బొంబాయికి తరలిపోయింది. అత్తయ్య పరీక్ష రాసేనాటికి పూనాలో దాని ప్రధాన కార్యాలయమే లేదు!

ఇలా మార్చాను: 'మాడపాటి వారి బాలికల పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివి, కర్వే మహిళా విశ్వవిద్యాలయం పరీక్ష ఉత్తీర్ణులయ్యారు.' తమ్ముడి చెవి కూడా ఇరికించాను. అందుకోసం మరిది సొంత పరిచయంలో మూడు వరుసలు తగ్గాయి. కుటుంబం గుంపులో పెట్టాను. డల్లాసులో ఇప్పుడు పట్టపగలు, చూశాడు కూడా, జవాబు లేదు. అలిగాడేమో. ఈయన్ను లేపి అడిగితే, "వాడు మా తమ్ముడు, ఆవిడ మా అమ్మ, నన్ను నిద్రపోనివ్వు" అని అటు తిరిగి పడుకున్నారు.

ప్రెస్సుకు పొద్దున్నే పంపాలి. ఫైలు నా దగ్గరే ఉంది.