నక్కతోక ఆర్కిడ్: గాలిలో పెరిగే వేళ్లు

అస్సాంలో కోపౌ ఫూల్ అని పిలుస్తూ బిహు నృత్యానికి సిగలో తురుముకునే నక్కతోక ఆర్కిడ్‌ను (శాస్త్రీయ నామం రింకోస్టైలిస్ రెట్యూసా) వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లోనే మరో పేరుతో వర్ణించాడు. చెట్టు కొమ్మను పట్టుకుని పెరిగినా ఈ మొక్క ఆ చెట్టు రసాన్ని పీల్చదు. గాలిలో వేలాడే లావుపాటి వేళ్లపై ఉండే వెలామెన్ అనే స్పాంజి వంటి పొరతో వాననీటిని గ్రహిస్తుంది. నీళ్లు చల్లగానే వెండిరంగు వేరు కళ్లముందే పచ్చబడటం నాకు ఇప్పటికీ అబ్బురమే.

నా మొదటి మొక్కను మట్టిలో నాటి పోగొట్టుకున్నాను. గాలి ఆడక వేళ్లు కుళ్లిపోయాయి. వేలితో నొక్కితే పైపొర ఊడివచ్చి, లోపలి సన్నని దారం మాత్రమే మిగిలింది. రెండవదాన్ని గరుకు బెరడున్న చెక్కకు మెత్తటి తాడుతో కట్టి, ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోట వేలాడదీశాను. ఎండాకాలంలో రోజూ పొద్దున్నే తడపాలి, రాత్రిలోగా ఆకుల మధ్య నీరు ఆరిపోవాలి. చలికాలంలో నీళ్లు తగ్గించాలి. ఎరువు బాగా పలుచగా ఇస్తే చాలు.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఒకసారి అతుక్కున్న వేళ్లను కదిలించకూడదు. అలా వదిలేసిన మొక్కకే వేసవిలో, తెలుపుపై ఊదా చుక్కలున్న పూలు ఒత్తుగా విచ్చిన గెల కిందికి వేలాడింది.