భీమిలి ఒడ్డున మోకు, ప్లాస్టిక్ కుర్చీలు

బీచ్ రోడ్డు మీదుగా భీమిలి పోయే 900కె బస్సులో సీటు కావాలంటే వైజాగ్ స్టేషన్ దగ్గరే ఎక్కాలి. మేం ఎంవీపీ కాలనీలో ఎక్కాం. మే నెల, అందులోనూ శనివారం. కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ అంటూ అందరూ ఫొటోలు పెట్టే ఆ దారంతా నాకు ఎవరి చంక సందులోంచో కనిపించింది. నగరంలో చేపలమ్ముకుని ఖాళీ తట్టలతో తిరిగొస్తున్న ఆడవాళ్లు నలుగురైదుగురు వెనకాల ఉన్నారు. గాగుల్స్ పెట్టుకున్న ఒకాయన ముక్కు మూసుకుని, "వీళ్లకి వేరే బస్సు వెయ్యొచ్చుగా" అన్నాడు కండక్టరుతో. కండక్టరు టిక్కెట్టు చింపుతూ, "ఏసినారండి, ఇదే. మీరే ఇందులో ఎక్కినారు" అన్నాడు. బస్సులో సగం మంది నవ్వారు. ఆయన మంగమారిపేట దగ్గర దిగిపోయాడు. అక్కడే దిగాల్సినవాడో, పౌరుషం కొద్దీ దిగాడో తెలియలేదు.

భీమిలి ఎందుకని మా ఆవిడ అడుగుతూనే ఉంది. అరకు పోదామంది. మాది బందరు. మాకూ సముద్రముంది, మాకూ డచ్చివాళ్ల సమాధులున్నాయి, ఒకప్పుడు మాకూ ఓడలొచ్చేవి. భీమిలికీ అంతే. రెండు ఊళ్లూ ఒకే బడిలో చదివి వేరే వేరే దార్లు పట్టిన పిల్లల్లా ఉంటాయి. మా ఊరు ఖాళీ అయింది. చదువుకున్నవాళ్లు బెజవాడ, హైదరాబాదు పోయారు. మావాళ్లు పండక్కి వచ్చి ఇంటి తాళం తీసి, బూజు దులిపి, మళ్లీ తాళం వేసి పోతారు. భీమిలికి మాత్రం జనం వస్తున్నారు, స్థలాలు కొంటున్నారు, గోడలు కడుతున్నారు. అదెలా ఉంటుందో చూడాలనిపించింది.

దిగింది హోమ్‌స్టేలో. వారాంతం కదా, రాత్రికి 3,500. బేరం లేదు. బస్టాండు నుంచి అక్కడికి గట్టిగా రెండు కిలోమీటర్లు లేదు, ఆటో అతను 150 అడిగాడు. ఎక్కువ కదయ్యా అంటే, "శనాదివారాలు ఇంతేనండి, మిగతా రోజుల్లో మమ్మల్ని ఎవుడడుగుతాడు" అన్నాడు.

హోమ్‌స్టే యజమానిది హైదరాబాదు. బ్యాంకులో రిటైరై వచ్చి ఇల్లు కట్టుకున్నాడు, పైఅంతస్తు ఇలా అద్దెకిస్తున్నాడు. మంచి మనిషే. మంచినీళ్లు అడిగితే మజ్జిగిచ్చాడు. గోడ మీద ఎర్ర అక్షరాలతో "ఇంట్లో మాంసాహారం వండరాదు, తినరాదు" అని బోర్డుంది. కిటికీ తీస్తే సముద్రం, లోపల పప్పు, దొండకాయ వేపుడు. మా ఆవిడ నా వంక చూసిన చూపు ఇక్కడ రాయను.

ఆయన గోడు ఆయనది. వచ్చి ఇన్నేళ్లయినా ఊరివాళ్లకి ఆయన "హైదరాబాద్ సారే". నీళ్ల ట్యాంకరుకి పక్కింటివాడి కంటే ఎక్కువ ఇవ్వాలి. ప్లంబరు పొద్దున వస్తానని మర్నాడు వస్తాడు. గుడికి చందా ఇస్తే రసీదు ఇస్తారు, ఊరేగింపు రోజు మాత్రం ఎవరూ పిలవరు. ఇంటి ముందు ఇసుకలో పడవలు పెట్టేస్తారు, వలలు ఆరేస్తారు, ఎండు నెత్తళ్ల వాసన సాయంత్రం దాకా పోదు. "నేను చట్టప్రకారం కట్టాను. రోడ్డుకి ఇవతల, పాత ఇళ్ల వరస దాటకుండా. తీర నియంత్రణ నిబంధనలు వాళ్ల కంటే నాకే బాగా తెలుసు" అన్నాడు. నిజమే, 1991 నోటిఫికేషన్ నుంచి 2019 నోటిఫికేషన్ దాకా గడగడా చెప్పాడు. 2024లో భీమిలి బీచ్‌లో ఇసుక మీద కట్టిన కాంక్రీటు గోడని హైకోర్టు ఆదేశంతో వైజాగ్ కార్పొరేషన్ (జీవీఎంసీ) వాళ్లు కూల్చిన సంగతి కూడా ఆయనే చెప్పాడు. "అలాంటివాళ్ల వల్లే మాకూ చెడ్డపేరు" అన్నాడు. ఊళ్లో వాళ్ల దృష్టిలో ఆ గోడకీ ఈయన గోడకీ తేడా లేదన్నది ఆయన బాధ.

సాయంత్రం డచ్చి సమాధుల తోట చూడబోయాం. 1600ల నాటి రాళ్లట, లోపల ముళ్లకంప. పక్కనే అరుగు మీద కూర్చున్న ముసలాయన మమ్మల్ని చూడగానే గైడు అయిపోయాడు. 1825లో డచ్చివాళ్లు ఊరిని ఇంగ్లీషువాళ్ల చేతికిచ్చారు, 1861లోనే ఇక్కడ మున్సిపాలిటీ వచ్చింది. ఆ మున్సిపాలిటీని 2013లో వైజాగ్ కార్పొరేషన్‌లో కలిపేశారు. ఈ చివరి మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో కోపం డచ్చివాళ్ల మీద కోపం కంటే చాలా ఎక్కువగా ఉంది. చిట్టివలస జూట్ మిల్లు నడిచిన రోజుల్లో ఎక్కడెక్కడి కూలీలో వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. మరి ఇప్పుడొచ్చేవాళ్ల మీద ఎందుకండీ అంత గుర్రు అని అడిగాను.

"ఒచ్చినోళ్లంటే మాకు కోపం నేదు బాబూ. ఈ డచ్చోళ్లూ ఒచ్చినోళ్లే. కానీ సచ్చి ఇక్కడే పండుకున్నారు. ఇప్పుడొచ్చినోళ్లు శనోరం ఒచ్చి ఆదోరం ఎల్లిపోతారు. సోమోరం రాత్రి ఆ ఈదిలోకి ఎల్లి సూడండి, ఒక్క దీపం ఎలగదు. కుక్క కరిసినా కేకెయ్యడానికి మడిసి ఉండడు."

మా బందరు వీధి గుర్తొచ్చింది. అక్కడా దీపాలుండవు. కాకపోతే ఆ తాళాలు మావాళ్లవే కాబట్టి ఎవర్నీ తిట్టుకోం.

పావురాళ్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, లైట్‌హౌసు అన్నీ చూశాం. ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఎండకి కళ్లు తిరిగాయి. వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను వదిలేస్తున్నా.

రాయాల్సింది మర్నాటి పొద్దుటి సంగతి. అయిదున్నరకి నిద్రపట్టక ఒడ్డుకి వెళ్లాను. మోటారు పడవలన్నీ ఇసుక మీద బోర్లా పడి ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, వేట నిషేధం కదా. చేపలు గుడ్లు పెట్టే కాలమని మోటారు పడవల్ని సముద్రంలోకి వెళ్లనివ్వరు. ఆ రోజులకి ప్రభుత్వం ఇచ్చే భృతి 10,000 ఉండేది, 2025లో 20,000 చేశారు. తెడ్డేసుకునే తెప్పలకి నిషేధం లేదు. అందుకని ఈ రెండు నెలలూ ఒడ్డు నుంచి లాగే పెద్ద వలే దిక్కు. వేసవి సెలవులకి టూరిస్టులు ఎగబడేదీ ఈ రెండు నెలల్లోనే. ఒడ్డు మీద పడవలూ ఎక్కువ, కుర్చీలూ ఎక్కువ. మిగతా పది నెలలు సర్దుకుపోయేవాళ్లు కూడా మే నెలలో ఎందుకు కొట్టుకుంటారో నాకు అక్కడ నిలబడ్డాక తెలిసింది.

వల అప్పటికే వేసేశారు. తెప్ప ఒక కొస ఒడ్డున ఇచ్చేసి, వల విడుచుకుంటూ లోపలికి వెళ్లి, చుట్టు తిరిగి, రెండో కొస దూరంగా ఇంకోచోట ఒడ్డుకి తెచ్చిస్తుంది. ఒక్కో కొస దగ్గర పదిహేను మంది దాకా ఉన్నారు, సగం మంది ఆడవాళ్లే. వెనక్కి వాలి, మడమలు ఇసుకలో దిగేసి, మోకు పట్టుకుని వెనక్కి నడుస్తారు. అందరికంటే వెనకున్న మనిషి తాడు వదిలేసి, నడుచుకుంటూ నీళ్ల దగ్గరికెళ్లి మళ్లీ మొదటి పట్టు పడుతుంది. తడి మోకు చుట్టలు చుట్టలుగా వెనకాల పడుతుంటుంది. చూస్తుంటే ఎంత లాగినా తాడు అవ్వట్లేదు. లాగుతూనే రెండు జట్లూ ఒడ్డు వెంబడి ఒకదాని వైపు ఇంకొకటి జరుగుతాయి, వల మూతి మూసుకోవాలి కదా. అంటే వాళ్లకి కావాల్సింది నిలబడే చోటు మాత్రమే కాదు, ఒడ్డు పొడుగూతా ఖాళీ కావాలి.

ఆ ఖాళీలో ఒక రిసార్టువాళ్ల గొడుగులు, తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు రెండు వరసలున్నాయి. కుర్చీల్లో అప్పటికింకా ఎవరూ లేరు. కాసేపట్లో గెస్టులొస్తారట.

ఉత్తరం వైపు జట్టు మెల్లమెల్లగా జరుగుతూ కుర్చీల దాకా వచ్చింది. రిసార్టు లోపల్నించి నీలం టీషర్టు వేసుకున్న కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. చొక్కా మీద రిసార్టు పేరు, చేతిలో వాకీటాకీ. ఇప్పుడు పెద్ద గొడవ అవుతుందనుకున్నా. ముందున్న మనిషి, యాభై దాటి ఉంటాయి, చీర కుచ్చెళ్లు ఎగదోపి ఉన్నావిడ, తాడు వదలకుండానే అతన్ని చూసింది.

"అత్తా, కొంచెం అటు నుంచి లాగండే. మేనేజరు సూస్తన్నాడు."

"కుర్సీలు నువ్వు తీస్తావా, తాడుని తియ్యమంటావా? తాడు తియ్యడానికవదురా. రెండో కొస సముద్రంలో ఉంది."

"నా ఉజ్జోగం పోద్దే!"

"అయితే బేగి తియ్యి."

కుర్రాడు ఒకసారి వెనక్కి, మేడ మీద బాల్కనీ వైపు చూశాడు. వాకీటాకీ జేబులో కుక్కుకుని, రెండేసి కుర్చీలు చంకల్లో ఇరికించుకుని పక్కకి మోయడం మొదలుపెట్టాడు. గొడుగు ఒకటి ఇసుకలో లోతుగా దిగబడిపోయి రాలేదు. అప్పుడు జట్టులోంచి ఇంకో పిల్లాడు వెళ్లి సాయం పట్టాడు. బాల్కనీ మీది మనిషి ఏదో అరిచాడు గానీ అలల చప్పుడులో వినపడలేదు. వినపడనట్టు అందరూ నటించారని కూడా అనొచ్చు.

గెస్టులు రానే వచ్చారు. కోపగించుకుంటారనుకుంటే ఫోన్లు తీసి వీడియోలు మొదలెట్టారు. ఒకమ్మాయి తాడు పట్టుకుని ఫొటో దిగుతానంది. "పట్టుకోమ్మా, కానీ లాగాల" అంది ఆవిడ. అమ్మాయి నిజంగానే కాసేపు లాగి, అరచేతులు ఎర్రబడితే ఊదుకుంటూ వెళ్లిపోయింది.

చివరికి వల సంచి ఒడ్డుకొచ్చింది. గంటన్నర కష్టానికి కవళ్లు రెండు తట్టలు, గుప్పెడు నెత్తళ్లు, కానాగంతలు కొన్ని, బోలెడు జెల్లీచేపలు, చిప్స్ ప్యాకెట్లు. ప్యాకెట్లని వేరుగా ఒక కుప్ప పోసి, కుర్రాడి వైపు తోసిందావిడ. "ఇయి మీ రిసార్టోళ్ల వాటా." కుర్రాడు కిసుక్కుమన్నాడు. వేలం పాట అక్కడే ఇసుక మీద అయిపోయింది.

నేను ఒక కిలో కవళ్లు కొన్నాను. కొన్నాక గుర్తొచ్చింది, మా బసలో పప్పే అని. ఆ సంగతి చెబితే ఆవిడ పకపకా నవ్వి, మా ఇంట్లో వండిపెడతాను రమ్మంది. మా ఆవిడని లేపి తీసుకెళ్లాను. ఇల్లు రోడ్డుకి అవతల సందులో, రెండు గదులు, గుమ్మం ముందు వేపచెట్టు. పొయ్యి దగ్గర మా ఆవిడ చింతపండు పిసుకుతూ, రిసార్టు కుర్రాడు నిజంగా మేనల్లుడేనా అని ఆరా తీసింది. సొంత తమ్ముడి కొడుకేనట. రిసార్టు కట్టిన జాగా అమ్మిన నలుగురైదుగురిలో ఆ తమ్ముడూ ఉన్నాడట.

"మీ తమ్ముడే అమ్మి, మీరే కుర్చీలు తియ్యమంటే ఎలాగండీ?" అన్నాను, ఉండబట్టలేక.

"ఆడు అమ్మింది ఆడి జాగా. ఇసక ఎవుడూ అమ్మనేదు, ఆళ్లూ కొననేదు" అంది, చేపల మీద ఉప్పు చల్లుతూ. అయినా తమ్ముడి మీద కోపం పోలేదు. ఇప్పటి రేటులో పావు వంతు కూడా రాలేదట అప్పుడు. రాజధాని అన్నారు, భోగాపురం విమానాశ్రయం అన్నారు, తమ్ముడు అమ్మిన తరవాతే ధరలన్నీ పెరిగాయి. ఆ డబ్బుతో తమ్ముడు ఆటో కొన్నాడు. కొడుకుని మాత్రం రిసార్టులోనే పెట్టించాడు, జాగా ఇచ్చేటప్పుడు ఉద్యోగం ఇస్తామని మాట తీసుకున్నాడు కాబట్టి. ఈవిడ కొడుకు ఏంచేస్తాడని అడిగితే జవాబు తిన్నగా రాలేదు. తరవాత గోడకి తగిలించిన క్యాలెండర్ చూస్తే తెలిసింది. రియల్ ఎస్టేట్ వెంచర్ క్యాలెండర్, కింద ఏజెంటు పేరు దగ్గర ఆ పిల్లాడి ఫొటో. "సీ వ్యూ ప్లాట్లు" అని రాసి ఉంది.

హైదరాబాద్ సారు సంగతి కదిపితే ఆవిడకి ఆయన్నీ తెలుసు. "ఆయనా? మంచోడే. మజ్జిగిస్తాడు. కానీ గోడ మీద గాజు పెంకులు గుచ్చినాడు. పిల్లలు బంతి తెచ్చుకోడానికి గోడెక్కితే సేతులు తెగిపోతన్నాయి. అడిగితే గేటు కొట్టొచ్చుగా అంటాడు. బంతి కోసం గేటు ఎవుడు కొడతాడు బాబూ?" ఆయన చెప్పిన ఫిర్యాదుల చిట్టాలో ఈ బంతుల సంగతి లేదు. బహుశా ఆయన దాకా వెళ్లి ఉండదు.

చేపల పులుసు గురించి చెప్పను, తిట్టుకుంటారు. లేచేటప్పుడు ఎంతివ్వమంటారని అడిగాను. వంటకి, అన్నానికి ఇద్దరికీ కలిపి 400 అంది. చేపలు నేనే కొన్నాక 400 ఏమిటని మా ఆవిడ బేరానికి దిగింది. "మీది బందరన్నారు కదా, మీరూ సముద్రం పక్కోళ్లే. అందుకే 400. హైదరాబాదోళ్లయితే 600" అంది ఆవిడ. 350కి తెగింది.