లాగితేనే పలికే రిసెప్టర్

జర్మనీలో, లైప్‌జిగ్‌లో ల్యాబ్ పని నాది. ఫోన్ చేసినప్పుడల్లా మావయ్య అడిగేది ఒకటే, "ఇంతకీ మందు ఎప్పుడొస్తుందమ్మా?" అని. మందు దాకా పోవాలంటే ముందు నేను చూసే రిసెప్టర్, అంటే కణం పైన ఉండి బయటి సిగ్నల్‌ని లోపలికి చేర్చే ప్రొటీన్, ఎలా పనిచేస్తుందో తెలియాలి మావయ్యా అంటే, ఇన్నేళ్ళయినా తెలీలేదా అంటాడు, ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు.

మన ఒంట్లో జీపీసీఆర్ రకం రిసెప్టర్లు 800 దాకా ఉన్నాయి, వాడుకలో ఉన్న మందుల్లో దాదాపు మూడోవంతు వీటి మీదే పనిచేస్తాయి, బీపీకి వేసుకునే బీటా బ్లాకర్లతో సహా. వాటిలోనే అడ్హీషన్ జీపీసీఆర్‌లని 33 ఉన్నాయి, వీటికి మాత్రం ఇంకా ఒక్క మందూ లేదు. నేను పనిచేసేది అందులో జీపీఆర్126 మీద. నరాల చుట్టూ మైలిన్ పొర చుట్టే ష్వాన్ కణాల్లో ఉంటుందిది. ఇది పాడైతే జీబ్రాఫిష్ అనే చిన్న చేప నరాలకి మైలిన్ పట్టదని 2009లో తేలింది, ఈ జీన్‌లో లోపంతో కీళ్ళు బిగుసుకుపోయి పుట్టిన పిల్లలు ఉన్నారని 2015లో బయటపడింది.

మామూలు రిసెప్టర్‌కి హార్మోన్ లాంటిదేదో బయటినుంచి వచ్చి తగలాలి, దీని తాళంచెవి దీంట్లోనే ఉంది. కణం బయటికి పొడుగ్గా ఉండే ముక్క ముందే ఒకచోట తెగి ఉంటుంది, తెగినా ఊడిపోదు, దాన్ని లాగితే లోపల దాగిన పెప్టైడ్ అనే చిన్న ప్రొటీన్ ముక్క బయటపడి రిసెప్టర్‌ని ఆన్ చేస్తుంది, కణం లోపల సిగ్నల్ మోసే సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది. ఈ సంగతి 2014లో తెలిసింది. నాకు భలే నచ్చేది ష్వాన్ కణాల చుట్టూ ఉండే లామినిన్-211 అనే ప్రొటీన్ విషయం, అది కలిపి కణాలున్న ప్లేట్ కదలకుండా ఉంచితే సిగ్నల్ తగ్గుతుంది, అదే ప్లేట్ ఊపితే పెరుగుతుంది! ప్రొటీన్ అదే, కణాలూ అవే.

ఇక్కడ ఆదివారం షాపులన్నీ మూసేస్తారు, కణాలకి ఆదివారం లేదు కదా, ఖాళీ ట్రామ్‌లో వెళ్ళి అవి పెరిగే ద్రవం, మీడియం, మార్చి వస్తా. అది కష్టమనిపించదు. బాధల్లా కాంట్రాక్టులే. పీహెచ్‌డీ అయ్యాక టెంపరరీ కాంట్రాక్టుల మీద మామూలుగా ఆరేళ్ళకి మించి ఉండనివ్వదు ఇక్కడి చట్టం, అది కూడా ముక్కలు ముక్కలుగా ఇస్తారు, వీసా దాని వెనకాలే నడుస్తుంది. ఇలాంటి రిసెప్టర్ అర్థమవడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది, ఇది నాకు అస్సలు న్యాయంగా అనిపించదు, చేతికి పని పట్టుబడేసరికి మనిషి మారిపోతాడు.

అందుకే ల్యాబ్ నోట్‌బుక్‌లో అన్నీ రాసిపెడుతున్నా, షేకర్ స్పీడెంత, ప్లేట్ ఏ వైపు పెట్టా, ఇన్‌క్యుబేటర్ తలుపు గట్టిగా పడిందా లేదా అనేది కూడా. లాగుడుకి పలికే రిసెప్టర్ దగ్గర, నా తర్వాత వచ్చేవాళ్ళకి ఇవన్నీ కావాలి.